అరుణ్ ఖేత్రపాల్ ఆవేశంతో చనిపోలేదు ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం,

ప్రతి ఏడాది డిసెంబర్ 16న విజయ్ దివస్ రోజు మీ పేపర్లో 1971 యుద్ధం గురించి ఒక పేజీ వేస్తారు, చాలా సంతోషం. ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ సంతకం పెడుతున్న ఫొటో ఉంటుంది, 93,000 మంది లొంగిపోయిన సంగతి ఉంటుంది, మన విశాఖ దగ్గర సముద్రంలో మునిగిపోయిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ గురించి తప్పకుండా ఉంటుంది, ఉండాలి కూడా. అదే పేజీలో ఒక మూల చిన్న బాక్సులో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ ఫొటో పెట్టి కింద నాలుగు లైన్లు రాస్తారు. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు, ట్యాంకు తగలబడుతున్నా, వదిలేసి రమ్మని ఆర్డర్ వచ్చినా లెక్కచెయ్యకుండా ఆవేశంతో పోరాడి ప్రాణాలిచ్చాడు, పరమవీర చక్ర వచ్చింది, అంతే, అయిపోయింది. ఆవేశంతో చేశాడన్న దగ్గరే నాకు అభ్యంతరం, ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను, కాస్త పెద్దదే అవుతుంది, మొత్తం వెయ్యలేకపోతే మీరు చదివినా చాలు.

నేను ఆర్మర్డ్ కోర్‌లో, అంటే ఆర్మీ ట్యాంకుల దళంలో పనిచేసి రిటైర్ అయినవాడిని. విజయంత ట్యాంకులో లోడర్‌గా మొదలుపెట్టి గన్నర్ అయ్యాను. మన వైపు నించి ఆర్మీకి వెళ్ళేవాళ్ళు తక్కువేం కాదు, పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఒక ఊరికి పేరే ఉంది, శ్రీకాకుళం, విజయనగరం, ప్రకాశం జిల్లాల్లో ఏ పల్లెకి వెళ్ళినా ఒక ఎక్స్‌సర్వీస్‌మన్ కనబడతాడు, దక్షిణాది వాళ్ళతో నడిచే 16 లైట్ కావల్రీ లాంటి ట్యాంకు రెజిమెంట్‌లో తెలుగు వాళ్ళూ ఉంటారు. ఐనా ట్యాంకు లోపల ఏం జరుగుతుందో మన భాషలో రాసినవాళ్ళు చాలా తక్కువ, అది తెలియకపోతే ఆ రోజు పొద్దున ఖేత్రపాల్ చేసిన పని ఎవరికైనా ఉడుకురక్తం లాగే కనిపిస్తుంది.

ముందు ఆ అబ్బాయి ఎవరో చెప్తాను. 1950 అక్టోబర్ 14న పుణేలో పుట్టాడు. నాన్న ఆర్మీలో ఇంజనీర్ల కోర్ ఆఫీసర్, బ్రిగేడియర్ ఎం.ఎల్.ఖేత్రపాల్. తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేశారు, ఆ పైతరం వాళ్ళు సిక్కు సైన్యంలో బ్రిటిష్ వాళ్ళ మీద యుద్ధం చేశారని ఆ ఇంట్లో చెప్పుకునేవారు. అంటే భోజనాల దగ్గర కబుర్లు కూడా రెజిమెంట్ల గురించే నడిచే ఇల్లు. సనావర్ లారెన్స్ స్కూల్లో చదివాడు, చదువులోనూ ఆటల్లోనూ ముందే ఉండేవాడు. 1967లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ, 38వ కోర్సు, ఫాక్స్‌ట్రాట్ స్క్వాడ్రన్‌లో స్క్వాడ్రన్ కేడెట్ కెప్టెన్. ఈ పోస్టు ఊరికే ఇవ్వరండి, తోటి కుర్రాళ్ళ మీద అజమాయిషీ చెయ్యగల నిదానం ఉన్నవాడికే ఇస్తారు, ఆవేశపరుడికి ఇవ్వరు, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. అక్కణ్ణించి డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ, 1971 జూన్ 13న కమిషన్, వెళ్ళింది 17 పూనా హార్స్‌కి.

జూన్ 13 నించి డిసెంబర్ 16 దాకా ఎంతండీ, ఆరు నెలల మూడు రోజులు. ఆఫీసర్‌గా ఆయన సర్వీసు మొత్తం అంతే.

పూనా హార్స్ 1817లో గుర్రాల దళంగా పుట్టిన రెజిమెంట్, తర్వాత రోజుల్లో గుర్రాలు పోయి ట్యాంకులొచ్చాయి, పేరు అలాగే ఉంచారు, సిపాయిని సవార్ అనడం, రిసాల్దార్, దఫేదార్ అనే ర్యాంకులు, అన్నీ అలాగే ఉన్నాయి. అరుణ్ చేరేనాటికే ఆ రెజిమెంట్‌లో ఒక పరమవీర చక్ర ఉంది. 1965 యుద్ధంలో దాని కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేషిర్ తారాపూర్ సియాల్‌కోట్ సెక్టార్‌లో ఫిల్లోరా, చవిండా వైపు ట్యాంకులు నడిపిస్తూ సెప్టెంబర్ 16న చనిపోయారు. ఈ తారాపూర్ గారు సైన్యంలోకి వచ్చిందే మన హైదరాబాద్ సంస్థానం ఫౌజులో, హైదరాబాద్ లాన్సర్స్‌లో పనిచేశాకే పూనా హార్స్‌కి వెళ్ళారు. ఈ సంగతి హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసో గానీ పేపర్లలో మాత్రం నా కంట పడలేదు. సరే, నేను చెప్పేదేంటంటే, అలాంటి కమాండింగ్ ఆఫీసర్ పోయి ఆరేళ్ళు తిరగని రెజిమెంట్‌లో మెస్ గోడ మీద ఆయన ఫొటో చూస్తూ భోంచేసే కొత్త సెకండ్ లెఫ్టినెంట్ మీద ఎంత బరువు ఉంటుందో ఆలోచించండి. 1971 యుద్ధంలో రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ హనూత్ సింగ్, ఆయన దగ్గర పని అంటే పనే, ఇప్పటికీ ట్యాంకు వాళ్ళు ఆయన పేరు చెప్తే నిటారుగా నిలబడతారు.

కొత్తగా వచ్చిన ఆఫీసర్‌ని కావల్రీలో వెంటనే సాబ్ అంటారు గానీ మనసులో ఒప్పుకోవడానికి టైం పడుతుంది. ఇరవై ఏళ్ళ కుర్రాడు మూడు ట్యాంకుల ట్రూప్‌కి లీడర్, ఆయన కింద ఉన్న దఫేదార్ వయసులో ఆయన కంటే పదేళ్ళు పెద్ద, ట్యాంకు నట్టు బోల్టుతో సహా తెలిసినవాడు, రాత్రి పూట చప్పుడు విని ఇంజన్‌లో ఏం పాడైందో చెప్పేస్తాడు. తెలివైన ఆఫీసరైతే మొదట్లో ఆ దఫేదార్ దగ్గరే నేర్చుకుంటాడు, డంగ్రీ వేసుకుని ట్యాంకు కిందకి దూరి చేతులు నల్లగా చేసుకుంటాడు, అప్పుడు మా లాంటి వాళ్ళం మన సాబ్ అని అనుకుంటాం. అలాంటి టైంలోనే అరుణ్‌ని యంగ్ ఆఫీసర్స్ కోర్సుకి అహ్మద్‌నగర్ ఆర్మర్డ్ కోర్ స్కూల్‌కి పంపారు. కోర్సు సగంలో ఉండగానే యుద్ధం ముంచుకొచ్చింది, కుర్రాళ్ళందరినీ ఎవరి రెజిమెంట్‌కి వాళ్ళని పంపేశారు.

వెళ్తూ దారిలో ఢిల్లీలో ఇంటికి వెళ్ళాడు. సామాన్లలో గోల్ఫ్ కర్రలు, మెస్ పార్టీలకి వేసుకునే బ్లూ పట్రోల్ డ్రెస్ పెట్టుకున్నాడట, ఇవెందుకురా అంటే లాహోర్‌లో గోల్ఫ్ ఆడతాను, గెలిచాక డిన్నర్ ఉంటుంది కదా దానికి డ్రెస్ కావాలిగా అన్నాడని వాళ్ళింట్లో వాళ్ళు తర్వాత ఎంతోమందికి చెప్పారు. ఆ వయసు అదే కదండీ. ఇది చదివి కొంతమంది చూశారా ఎంత దూకుడో అంటారు, నాకైతే అలా అనిపించదు, యుద్ధానికి వెళ్ళే ముందు అమ్మా నాన్నల ఎదురుగా ఏ కుర్రాడైనా అలాగే నవ్వించే మాట ఏదో అంటాడు. వెళ్ళేటప్పుడు తల్లి మహేశ్వరి గారు మీ తాత పోరాడాడు, మీ నాన్న పోరాడాడు, నువ్వు కూడా సింహంలా పోరాడి రా అన్నారని చెప్తారు. ఆ తల్లి ఎలా అనగలిగిందో, అన్నాక ఆ రాత్రి ఎలా నిద్రపోయిందో మనం ఊహించడం కష్టం.

ఇక యుద్ధం. తూర్పున మన సైన్యం ఢాకా వైపు వెళ్తుంటే పశ్చిమాన జమ్మూ కింద షకర్‌గఢ్ అని ఒక ప్రాంతం ఉంది, అక్కడ పాకిస్తాన్ భూమి మన వైపుకి పొడుచుకొచ్చి ఉంటుంది, పఠాన్‌కోట్ నించి జమ్మూ వెళ్ళే రోడ్డు దానికి దగ్గర్లోనే పోతుంది. ఆ రోడ్డు తెగితే కాశ్మీర్‌కి సామాను వెళ్ళదు. అందుకని వాళ్ళు కొట్టకముందే మనం లోపలికి వెళ్ళాలని ప్లాన్. అక్కడ బసంతర్ అనే ఏరు ఉంది, రావి నదిలో కలుస్తుంది. ఏటికి అటూ ఇటూ ట్యాంకుల్ని పేల్చే మందుపాతరలు పాతి ఉంచారు. డిసెంబర్ 15 రాత్రి మన కాల్బలం, 47 ఇన్‌ఫంట్రీ బ్రిగేడ్ వాళ్ళు, ఏరు దాటి అవతలి గట్టున పట్టు సంపాదించారు, జర్పాల్ అనే ఊరు అక్కడే, 3 గ్రెనేడియర్స్‌లో మేజర్ హోషియార్ సింగ్ గారికి పరమవీర చక్ర వచ్చింది కూడా అక్కడే. కానీ అవతల ఉన్న కాల్బలం దగ్గర ట్యాంకుల్ని ఆపే బలం చాలదు, పొద్దునకల్లా మన ట్యాంకులు చేరకపోతే వాళ్ళని ఏట్లోకి తోసేస్తారు.

ట్యాంకులు వెళ్ళాలంటే మందుపాతరల మధ్య నించి దారి చెయ్యాలి, ఆ పని శాపర్లది, అంటే ఆర్మీ ఇంజనీర్ల దళం సిపాయిలది. ఇక్కడ మన తెలుగు పేపరు తప్పకుండా రాయాల్సిన మాట ఒకటుంది. ఆ పని చేసిన 9 ఇంజనీర్ రెజిమెంట్ మద్రాస్ శాపర్స్‌ది, అంటే తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ కుర్రాళ్ళు చేరే దళం. చీకట్లో, చలిలో, షెల్లింగ్ పడుతుండగా నేల మీద పాకుతూ మైన్లు తీసుకుంటూ పోవాలి. ఆ రెజిమెంట్ మేజర్ విజయ్ రతన్ చౌదరి ఆ సెక్టార్‌లో రోజుల తరబడి మైన్‌ఫీల్డులు క్లియర్ చేయిస్తూ అక్కడే చనిపోయారు, మహావీర చక్ర ఇచ్చారు. దారి ఇంకా సగమే అయింది, ఈలోపల అవతల గట్టు నించి శత్రువు ట్యాంకుల కదలిక వినిపిస్తోందని కబురు. ఇంక ఆగే టైం లేదని పూనా హార్స్ మిగతా సగం మైన్లు ఉండగానే ట్యాంకులు తోలేసింది. దాదాపు 50 టన్నుల సెంచూరియన్ ట్యాంకుని చీకట్లో మైన్లున్నాయని తెలిసిన నేల మీద నడిపే డ్రైవర్ పరిస్థితి నేను చెప్పక్కర్లేదు.

పదహారో తారీఖు పొద్దున ఎనిమిదింటికి పాకిస్తాన్ 13 లాన్సర్స్ ప్యాటన్ ట్యాంకులతో పొగ తెర వేసుకుని జర్పాల్ మీదకి వచ్చింది. అక్కడున్న పూనా హార్స్ బి స్క్వాడ్రన్, అంటే రెజిమెంట్‌లో ఒక ట్యాంకుల జట్టు, దాని మీద ఒత్తిడి ఎక్కువైపోయి సాయం పంపమని రేడియోలో అడిగారు. అరుణ్ ఉన్నది ఎ స్క్వాడ్రన్, దగ్గర్లోనే ఉన్నాడు, విన్న వెంటనే నేనొస్తున్నా అని బయల్దేరాడు. దారిలో శత్రువు బంకర్ల నించి, ట్యాంకుల్ని కొట్టే ఆర్‌సీఎల్ గన్‌ల నించి ఫైర్ వచ్చింది, ఆగి చుట్టూ తిరిగి వెళ్ళే అవకాశం లేదు, నేరుగా వాటి మీదకే వెళ్ళి అక్కడున్న వాళ్ళని పిస్టల్ చూపించి పట్టుకున్నారు. తన ట్రూప్‌లో ఒక ట్యాంకు కమాండర్ అక్కడే చనిపోయాడు. ఐనా ఆగకుండా బి స్క్వాడ్రన్‌ని చేరుకున్నాడు. అప్పటికే వెనక్కి మళ్ళుతున్న శత్రువు ట్యాంకుల్ని తరిమాడు, ఒకదాన్ని పేల్చాడు.

కాసేపటికి వాళ్ళు మళ్ళీ కూడుకుని రెండోసారి వచ్చారు. ఈసారి ఎక్కడైతే మన ట్యాంకులు మూడే ఉన్నాయో అటే వచ్చారు. ఆ మూడింట్లో ఒకటి అరుణ్‌ది, ఫమగుస్టా అని దాని పేరు, మిగతా రెండింట్లో కెప్టెన్ మల్హోత్రా, లెఫ్టినెంట్ అహ్లావత్. ఆ పోరులో మొత్తం పది శత్రువు ట్యాంకులు పోయాయి, అందులో నాలుగు అరుణ్ ఒక్కడే కొట్టాడని అవార్డు సైటేషన్‌లో, అంటే మెడల్ ఎందుకిచ్చారో రాసే కాగితంలో ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ట్యాంకు లోపలికి రండి. సెంచూరియన్‌లో నలుగురు. కింద ముందు భాగంలో డ్రైవర్, పైన గన్‌తో పాటు తిరిగే టరెట్‌లో గన్నర్, లోడర్, కమాండర్. కమాండర్ టరెట్ మీదున్న కుపోలా అనే మూత దగ్గర తల బయట పెట్టి నిలబడాలి, పొగలో, దుమ్ములో పెరిస్కోప్ లోంచి చూస్తే ఏం కనబడదు, తల బయట పెడితే తూటా తగులుతుంది, అయినా పెట్టాలి. టార్గెట్ కనబడగానే ఇంటర్‌కామ్‌లో గన్నర్‌ని పిలిచి ఏ గుండు, ఎటు తిప్పాలి, ఎంత దూరం అన్నీ ఒక వరసలో చెప్పాలి, వరస తప్పితే గన్నర్ తడబడతాడు. లోడర్ రాక్ లోంచి గుండు లాగి గన్ వెనక బ్రీచ్‌లోకి తోసి, గన్ వెనక్కి తన్నే దారిలోంచి చెయ్యి తీసేసి లోడెడ్ అని అరుస్తాడు, చెయ్యి తియ్యడం అర సెకను ఆలస్యమైతే మోచెయ్యి ఉండదు. గన్నర్ ఆన్ అంటాడు, కమాండర్ ఫైర్ అంటాడు. ట్యాంకు మొత్తం వెనక్కి కుంగి లేస్తుంది, కాలిన ఖాళీ కేసు ఎర్రగా కాలుతూ కాళ్ళ దగ్గర పడుతుంది, మందు వాసన ముక్కులోంచి గొంతులోకి దిగిపోతుంది, కళ్ళమ్మట నీళ్ళు, అప్పటికే ఇంకో టార్గెట్. లోడరే రేడియో కూడా చూసుకోవాలి. ఇదంతా నలుగురు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా గొంతుని బట్టే చేస్తారు. కమాండర్ గొంతులో వణుకు వస్తే మిగతా ముగ్గురికీ తెలిసిపోతుంది. రేంజ్‌లో ప్రాక్టీస్ చేసేటప్పుడే మాకు చెమటలు పట్టేవి, నలుగురూ ఒక్క మనిషిలా పనిచేస్తేనే వరసగా గుండ్లు తగులుతాయి. పైనున్నవాడు ఆవేశంలో ఉంటే నాలుగు ట్యాంకులు పోవు ఎడిటర్ గారూ, మొదటి దానికే తప్పు రేంజ్ చెప్తాడు. ఆరు నెలల సర్వీసు, కోర్సు పూర్తి కూడా కాలేదు, ఆ గొంతు వణకలేదంటే అది ఎంత నిదానమో ట్యాంకులో కూర్చున్నవాడికి తెలుస్తుంది.

ఇక ఆ ఆర్డర్ సంగతి. అప్పటికి అహ్లావత్ ట్యాంకు దెబ్బతింది, మల్హోత్రా ట్యాంకు గన్ మొరాయించింది. అరుణ్ ట్యాంకుకి కూడా గుండు తగిలి మంట అంటుకుంది. పై ఆఫీసర్ రేడియోలో ట్యాంకు వదిలేసి బయటికి రమ్మన్నారు. తగలబడే ట్యాంకులోంచి మనుషుల్ని బయటికి రమ్మనడం ఏ మంచి ఆఫీసరైనా చేసే పనే, ఆయన్ని తప్పు పట్టడానికి ఏం లేదు. కానీ ఆ క్షణంలో ఆ చోట పనిచేస్తున్న గన్ ఒక్కటే ఉంది, అది అరుణ్‌ది. ఎదురుగా శత్రువు ట్యాంకులు చాలా పోయినా మిగిలినవి ఇంకా వస్తూనే ఉన్నాయి. వెనక కాల్బలం ఉంది, దాని వెనక ఏరు, ఏటి దగ్గర మైన్ల మధ్య సన్న దారి. ఆ సందులోంచి నాలుగు ప్యాటన్లు దూరితే రాత్రంతా శాపర్లు, గ్రెనేడియర్లు ప్రాణాలు పెట్టి సంపాదించింది మొత్తం పోతుంది. నా గన్ ఇంకా పనిచేస్తోంది, ట్యాంకు వదలను అని జవాబు చెప్పాడు. ఆ జవాబులో ముందు గన్ సంగతి చూడండి, ఏం మిగిలింది, దాంతో ఏం చెయ్యొచ్చు అని చూసుకుని చెప్పిన జవాబు అది. నేను ఊహించి చెప్పట్లేదు, సైటేషన్‌లో కూడా ఇదే ఉంది, తను వదిలేస్తే శత్రువు చొచ్చుకొస్తాడని గ్రహించి పోరాటం ఆపలేదని స్పష్టంగా రాశారు. ఆ తర్వాత ఇంకో ట్యాంకుని కొట్టాడు, చివరిది వంద మీటర్ల లోపలికి వచ్చేసిందంటారు. అప్పుడు తన ట్యాంకుకి రెండో దెబ్బ తగిలింది, అందులో పోయాడు. శత్రువు మాత్రం ఆ సందులోంచి రాలేకపోయాడు.

ఆర్డర్ ఆర్డరే కదా, ఇలా రాస్తే రేపు చేరే కుర్రాళ్ళు ఆర్డర్లు లెక్కచెయ్యరు అని మా ఎక్స్‌సర్వీస్‌మెన్ మీటింగుల్లో కూడా కొందరు అంటారు. నిజమే, సైన్యం ఆర్డర్ మీదే నడుస్తుంది. కానీ రేడియోలో వినేవాడికి కనబడనిది కుపోలాలో నిలబడ్డవాడికి కనబడుతుంది, ఆ చూసింది చూసినట్టు పైకి చెప్పడం కూడా ట్రైనింగ్‌లో భాగమే. అరుణ్ జవాబు చెప్పకుండా రేడియో కట్టేసి కూర్చోలేదు, కారణం చెప్పాడు. మీ బాక్సులో ఆ కారణం ఒక్క లైను ఉంటే చాలు, చదివే పిల్లాడికి ధైర్యం అంటే కళ్ళు మూసుకుని దూకడం అనిపించదు.

ఇంకోటి, ఆ ట్యాంకులో మిగతా ముగ్గురు. డ్రైవర్ సవార్ ప్రయాగ్ సింగ్, గన్నర్ సవార్ నాథూ సింగ్, లోడర్, రేడియో చూసుకున్న సవార్ నంద్ సింగ్. నంద్ సింగ్ కూడా ఆ ట్యాంకులోనే చనిపోయాడు. మిగతా ఇద్దరూ బతికారు కాబట్టే లోపల ఏం జరిగిందో లోకానికి తెలిసింది. అరుణ్ వదలను అన్నప్పుడు ఆ మాట తన ఒక్కడి ప్రాణం మీద చెప్పింది కాదు, నలుగురి మీద. ఆఫీసర్ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైంది అదే, ఇరవై ఒక్క ఏళ్ళకి ఆ లెక్క వెయ్యాల్సి రావడం చాలా పెద్ద బాధ్యత. ఆ ముగ్గురూ ఆయన్ని నమ్మి ఎవరి సీట్లో వాళ్ళు కూర్చున్నారు, గన్ పేలుతూనే ఉంది. ఏ పేపర్లోనూ ఈ ముగ్గురి పేర్లు వెయ్యరు. నేను లోడర్‌గా పనిచేసినవాడిని కాబట్టి నాకు ఇది ఇంకొంచెం ఎక్కువ గుచ్చుకుంటుంది.

అదే రోజు సాయంత్రం ఢాకాలో సంతకాలయ్యాయి, మర్నాడు రాత్రి ఎనిమిదింటికి పశ్చిమాన కాల్పులు ఆగాయి. అరుణ్‌కి సాంబా దగ్గర అంత్యక్రియలు చేశారు, ఢిల్లీలో ఇంటికి కబురు చేరేసరికి యుద్ధం అయిపోయి రోజులైంది, యుద్ధం ఆగిపోయింది ఇంక మనవాడు వచ్చేస్తాడు అని ఎదురుచూస్తున్న ఇల్లది. ఆ యుద్ధంలో పరమవీర చక్ర నలుగురికి ఇచ్చారు, ఆల్బర్ట్ ఎక్కా, నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్, అరుణ్ ఖేత్రపాల్, హోషియార్ సింగ్, ఇందులో బతికి అందుకున్నది హోషియార్ సింగ్ ఒక్కరే. అప్పటి రాష్ట్రపతి మన వి.వి.గిరి గారు. మీ బాక్సులో ఇప్పటికీ పరమవీర చక్ర పొందినవాళ్ళలో అందరికంటే చిన్నవాడు అని రాస్తున్నారు, 1999 దాకా అది నిజం, కార్గిల్‌లో గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కి పంతొమ్మిదేళ్ళకే వచ్చింది, దయచేసి అది సరిచెయ్యండి.

ఇక ఆ తండ్రి గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. 2001లో, అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి, దేశ విభజనకి ముందు తన పుట్టిన ఊరు సర్గోధా, అది ఒక్కసారి చూడాలని పాకిస్తాన్ వెళ్ళారు. లాహోర్‌లో ఖ్వాజా మహమ్మద్ నాసెర్ అనే రిటైర్డ్ బ్రిగేడియర్ తన ఇంట్లో ఉంచుకుని సొంత మనిషి కంటే ఎక్కువ చూసుకున్నారు, ఆ ఇంట్లో అందరూ ఆయనకి చేసిన మర్యాద చూసి ఎందుకింత అని ఆయనకే ఆశ్చర్యం వేసిందట. తిరిగి బయల్దేరే ముందు రాత్రి నాసెర్ గారు ఉండబట్టలేక చెప్పేశారు, ఆ రోజు బసంతర్ దగ్గర 13 లాన్సర్స్‌లో మేజర్‌ని నేనే, మీ అబ్బాయి ట్యాంకుకి ఎదురుగా ఉన్నది నేనే, ఆయన నా చేతిలోనే పోయాడు అని. ఎంత ధైర్యంగా నిలబడ్డాడో కూడా ఆయనే చెప్పారు. మీరు ఆ గదిలో ఆ ముసలాయన స్థానంలో కూర్చుని చూడండి. మూడు రోజులుగా ఆ ఇంటి అన్నం తిన్నారు, కొడుకుని చంపినవాడు ఎదురుగా తల వంచుకుని ఉన్నాడు. బ్రిగేడియర్ ఖేత్రపాల్ కోపగించుకోలేదు, ఆయన కూడా సిపాయే కదా, యుద్ధంలో ఎవరి పని వాళ్ళు చేశారని అర్థం చేసుకున్నారు. ఈ సంగతి వేస్తే శత్రువుని పొగిడినట్టు అవుతుందేమోనని మీ లాంటి పేపర్లు జంకుతాయేమో నాకు తెలీదు గానీ, తప్పకుండా వెయ్యాలి. ఆ రోజు అరుణ్ నిదానంగా, చివరిదాకా నిలబడ్డాడని ఎదుటివాడే వచ్చి తండ్రికి చెప్పాడు, మెడల్ కంటే పెద్ద సాక్ష్యం కదా అది.

నేషనల్ డిఫెన్స్ అకాడమీలో పెరేడ్ గ్రౌండ్‌కి ఆయన పేరు పెట్టారు, 2023 జనవరిలో అండమాన్‌లో 21 దీవులకి 21 మంది పరమవీర చక్ర వాళ్ళ పేర్లు పెట్టినప్పుడు ఒక దీవికి ఆయన పేరు వచ్చింది. ఫమగుస్టా ట్యాంకుని బాగుచేసి అహ్మద్‌నగర్‌లో పెట్టారు. మన పిల్లలు విశాఖ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళి చూసొచ్చి ఇంటికొచ్చి గంటల తరబడి చెప్తారు, అందులో మనుషులు ఎలా పడుకునేవారు, ఎలా తినేవారు అని, ఎందుకంటే లోపల చూశారు కాబట్టి. ట్యాంకు సంగతి కూడా అలా లోపల చూపించినట్టు రాస్తేనే వాళ్ళకి ఎక్కుతుంది.

కాబట్టి నా మనవి, వచ్చే డిసెంబర్ 16కి ఆ బాక్సు తీసేసి అరపేజీ ఇవ్వండి. ఆవేశం అని రాయకండి, వదలను అన్నందుకు కారణం రాయండి, నంద్ సింగ్, నాథూ సింగ్, ప్రయాగ్ సింగ్ పేర్లు వెయ్యండి, మైన్లు తీసిన మద్రాస్ శాపర్స్ గురించి రాయండి, హైదరాబాద్ లాన్సర్స్ నించి వెళ్ళిన తారాపూర్ గురించి ఒక పేరా రాయండి. మ్యాప్ వేస్తే ఇంకా మంచిది, బసంతర్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. మీ రిపోర్టర్‌ని పంపిస్తే మా జిల్లాలోనే ట్యాంకుల్లో పనిచేసి రిటైరైన గన్నర్లు, డ్రైవర్లు, శాపర్లు ఉన్నారు, అందరినీ ఒక చోట కూర్చోబెట్టే పూచీ నాది, నవంబర్‌లోనే వస్తే తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ దఫేదార్, ఆర్మర్డ్ కోర్,
విజయనగరం జిల్లా